ఉంగరాల బొచ్చు కింద

మా ఇంటి ఓనరుకు కుక్కంటే ప్రాణమని ఆ వీధిలో అందరూ అనేవాళ్ళు. ఆ మాట పుట్టించింది ఆయనే. తిరుపతిలో ఆయన ఇంటి మిద్దె మీద నేను ఆరేళ్ళు అద్దెకున్నాను. ఆ ప్రాణం ఎంతపాటిదో పైనుంచి రోజూ చూశాను. ఈనాటికీ ఎవరైనా నాతో తమకు మూగజీవాలంటే ప్రాణమని చెబితే వాళ్ళ మాట వినను. వాళ్ళ కుక్క చెవుల వెనక చెయ్యి పెట్టి చూస్తాను.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. నాకు నలభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. వడమాలపేట దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని. పొద్దున ఏడున్నర బస్సుకు పోయి సాయంత్రం ఐదున్నరకు తిరిగి వచ్చేదాన్ని. ఓనరుకు చిత్తూరులో బెల్లం మండీ ఉండేది. వారంలో నాలుగు రోజులు తెల్ల కారులో అక్కడికి పోయి వచ్చేవాడు. పిల్లలిద్దరూ హాస్టల్లో ఉండడంతో ఇంట్లో ఉండేది ఆయన, ఆయన భార్య. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. పిలవక తప్పేది కాదు, నీళ్ళ మోటారు స్విచ్చి ఆమె వంటింట్లో ఉండేది.

కుక్కను బెంగుళూరు నుంచి తెచ్చారు. మండీకి వచ్చే ఒక పెద్ద వ్యాపారి ఇంట్లో అలాంటిదాన్ని చూశాడట ఓనరు. ఒళ్ళంతా ఉంగరాల జుట్టు, బెల్లం రంగు, గుండ్రటి నల్ల కళ్ళు. దాని జాతి పూడిల్. వీధిలో వాళ్ళు గొర్రెకుక్క అనేవాళ్ళు. ఓనరు దానికి ఒక ఇంగ్లీషు పేరు పెట్టాడు. ఆ పేరు ఆయన భార్యకు నోరు తిరిగేది కాదు, కుక్కకు అర్థమయ్యేది కాదు. ఇక్కడ రాయాల్సినంత విలువైన పేరు కూడా కాదు.

మొదటి ఐదారు నెలలూ అది ఆ ఇంట్లో బొమ్మ. ఎవరొచ్చినా ముందు కాఫీ, తర్వాత కుక్క. ఓనరు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తన తల దువ్వుకునే ప్లాస్టిక్ బ్రష్షుతో వీపు మీద నాలుగు సార్లు అలా అలా అనేవాడు. చూసేవాళ్ళు అబ్బా అనేవాళ్ళు. ప్రతి శుక్రవారం ఆయన భార్య దానికి షాంపూతో తలస్నానం చేయించి, తువ్వాలుతో గట్టిగా రుద్ది, పౌడరు చల్లేది. ఫోటో తీయించడానికని మెడకు ఎర్ర రిబ్బను కట్టి, దానికి ఒక ఇత్తడి గజ్జె తగిలించింది. అది పరుగెత్తితే గజ్జె మోగేది. ఆ చప్పుడు మిద్దె మీదికి వినిపించేది. నాకు చిరాకుగా ఉండేది. అప్పటికి నాకు కుక్కలంటే ఇష్టమేమీ లేదు.

ఒక దసరా సెలవుల్లో వాళ్ళిద్దరూ కేరళ గుడులు చూడ్డానికి పోతూ, ఐదు రోజులు కుక్కను చూసుకోమని నాకు చెప్పారు. అడగలేదు, చెప్పారు. అన్నం గిన్నె నా చేతికిచ్చి కారెక్కారు.

మొదటి రోజు సాయంత్రం అది నా పక్కకు వచ్చి కూర్చుంది. ఊరికే చెవి దగ్గర చెయ్యి వేశాను. పైకి మెత్తగా, ఉంగరాలు ఉంగరాలుగా కనిపించే జుట్టు కింద గట్టిగా ఏదో తగిలింది. పాత దూది దిండును పిసికితే లోపల ఉండలు తగులుతాయే, అలా. చెవి వెనక, చంకల్లో, తొడల మధ్య, తోక మొదట్లో, ఎక్కడ చెయ్యి పెట్టినా ఉండలే. వేళ్ళతో పాయ తీసి చర్మం చూద్దామంటే చర్మం కనిపించలేదు. పైన వేలెడు మందాన అందమైన జుట్టు, కింద అట్ట. ఓనరు బ్రష్షు ఇన్నాళ్ళూ దువ్విందల్లా ఆ పై వేలెడే.

నా దువ్వెన తెచ్చి ప్రయత్నించాను. రెండు పళ్ళు విరిగాయి. అది కుయ్యిమని నా ముంజేతిని నోట పట్టుకుంది, కానీ కొరకలేదు. పట్టుకుని నా ముఖంలోకి చూసింది. నేను దువ్వెన కింద పెట్టాను, అది నా చెయ్యి వదిలింది. ఆ ఇంట్లో అంతటి సంస్కారం ఇంకెవరి దగ్గరా నేను చూడలేదు.

వాళ్ళు తిరిగి వచ్చాక విషయం చెప్పాను. ఈ జాతికి జుట్టు రాలి కింద పడదు, రాలిన వెంట్రుక కొత్త వెంట్రుకల్లోనే చిక్కుకుంటుంది. పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చే వయసు ఇది, రోజూ మొదలంటా దువ్వకపోతే చర్మం పాడవుతుంది. ఇదంతా పుస్తకాల్లో చదివి, ఐదు రోజులు కళ్ళతో చూసి, నెమ్మదిగానే చెప్పాను. ఓనరు సోఫాలో కాలు మీద కాలేసుకుని విన్నాడు.

“బొచ్చు కుక్కకు బొచ్చుండదా టీచరమ్మా? నువ్వు పిల్లోళ్ళకు కప్పల్ని కోసి సూపించుకో. దీన్ని కొన్నోడికి దీని సంగతి తెల్దా?”

ఆయన భార్య ఇంకో అడుగు ముందుకేసింది. చిక్కులు పడ్డాయంటే మురికి పట్టిందని అర్థం చేసుకుని, వారానికి ఒకసారి పోసే తలస్నానాన్ని రెండుసార్లు చేసింది. దువ్వడమనే పని ఆమె లెక్కలో లేదు. ఆమె చేతికి గాజులు చాలా ఉండేవి, అవి బొచ్చులో చిక్కుకుంటాయట. నాకు తెలిసింది నేను చెప్పాను, ఇక నా పని అయిపోయిందనుకుని పైకి వచ్చేశాను. వాళ్ళ గురించి ఇంత రాస్తున్నాను గాని, ఆ తర్వాత నాలుగు నెలలు నేను చేసిందీ ఏమీ లేదు. మెట్ల మీదుగా దిగుతూ ఎక్కుతూ దాన్ని చూస్తూ పోయాను. వాళ్ళను అసహ్యించుకోవడమే ఒక పని చేసినట్టు అనిపించేది నాకు.

సంక్రాంతి దాటాక అది నడక మార్చింది. ముందుకాళ్ళు దగ్గరగా పెట్టి, కుంటినట్టు నడిచేది. ఎక్కువసేపు పడుకునే ఉండేది. ఇంటికి వచ్చినవాళ్ళకు దాన్ని చూపించడం మానేశారు. వాసన వస్తోందని హాల్లోంచి వరండాకు, వరండా నుంచి పెరట్లో నీళ్ళ తొట్టి పక్కకు మార్చారు. ఒక శుక్రవారం నీళ్ళు పోస్తుంటే అది ఆమె చేతిని కొరికింది. రక్తం వచ్చింది. సూది మందులు వేయించుకున్నారు. ఇక ఆ ఇంట్లో అది ప్రాణం కాదు, పీడ.

ఆ మర్నాడు మోటారు వేయమని అడగడానికి కిందికి పోతే ఆమె పొయ్యి దగ్గర నిలబడి, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తూ, తర్వాతి వారం మండీకి పోయేటప్పుడు వాళ్ళాయన దాన్ని కార్లో వేసుకుని పోయి పూతలపట్టు కూడలి దగ్గర దించేసి వస్తాడని చెప్పింది. అక్కడ హోటళ్ళు ఉన్నాయి, ఎంగిలాకులు దొరుకుతాయి, బతుకుతుంది అంది. చెబుతున్నప్పుడు ఆమె గొంతులో బరువేమీ లేదు. పాత చీర పనిమనిషికి ఇస్తున్నట్టే చెప్పింది.

ఒక్క ఆదివారం నాకివ్వమని అడిగాను. ఆమెకు అభ్యంతరమేమీ లేకపోయింది. కొరికితే మాత్రం మమ్మల్ని అనగూడదు అంది.

మా స్కూల్లో అటెండరు ఒకాయన ఉండేవాడు. రిటైర్మెంటుకు రెండు మూడేళ్ళ దూరంలో ఉన్నాడు. గొర్రెలు కాచే ఇంట్లో పుట్టినవాడు. చిన్నప్పుడు వాళ్ళ నాయన పక్కన కూర్చుని ఉన్ని ఏకినవాడు, కంబళ్ళకు చింతగింజల గంజి పెట్టినవాడు. వారం పొడుగునా మేష్టర్లందరూ ఆయన్ను టీ తెమ్మనడానికి తప్ప దేనికీ పిలిచేవాళ్ళు కాదు, నేను కూడా. శనివారం మధ్యాహ్నం ఆయన దగ్గరికి పోయి కుక్క సంగతి చెప్పాను. ఆయన ఒకే ఒక ప్రశ్న అడిగాడు, దువ్వకుండా నీళ్ళు పోస్తా ఉండారా అని. వారానికి రెండుసార్లు అన్నాను.

“ఇంగేముండాది మేడమ్, కంబళే. ఉన్నికి తడి తగిలించి రుద్దితే యాడికక్కడ బిగిసిపోతాది. మేము పని గట్టుకుని చేసేదాన్ని వాళ్ళు కుక్క మీదనే చేసినారు.”

ఆదివారం పొద్దున ఆయన మొదటి బస్సుకు వచ్చాడు. సంచిలో మంగలి షాపు నుంచి అడిగి తెచ్చిన చేతి మిషను, ఒక చిన్న కత్తెర, సీసాలో కొబ్బరి నూనె. కుక్కను గోనెసంచిలో కూర్చోబెట్టి ఆటోలో పశువుల ఆస్పత్రికి తీసుకుపోయాం. డాక్టరు యువకుడు. ఒకసారి చెయ్యి పెట్టి చూసి, దువ్వడం అనే మాటే వద్దు, మొత్తం తీసేయాల్సిందే, మెలకువలో ఉంటే ఆ నొప్పి ఓర్చుకోలేదు అన్నాడు. మత్తు సూది వేశాడు. ఆస్పత్రి వరండాలో గోనెసంచి పరిచి దాన్ని పడుకోబెట్టాం.

అటెండరు కత్తెర ముట్టుకోలేదు. అట్ట కట్టిన చోట చర్మం కూడా పైకి లాగి ఉంటుందని, కత్తెర పెడితే బొచ్చనుకుని చర్మం కోస్తామని నాకు చూపించాడు. వెన్ను మీద మొదలు పెట్టి, చర్మానికీ అట్టకీ మధ్య మిషను మొన దూర్చి, వేలితో చర్మాన్ని వెనక్కి లాగి పట్టుకుంటూ, అంగుళం అంగుళం పోయాడు. రెండు గంటలు పట్టింది. వీపు, పక్కలు, పొట్ట, అన్నీ కలిసి ఒకే దుప్పటిలా ఊడి వచ్చాయి. పైన బెల్లం రంగు ఉంగరాలు, తిరగేస్తే బూడిద రంగు అట్ట. నిలబెడితే నిలబడేట్టుంది. దానికి అంటుకుని పల్లేరు కాయలు, ఎండిన అన్నం మెతుకులు, పౌడరు ముద్దలు. చంకల్లో చర్మం ఎర్రగా పచ్చిగా ఉంది. కాలివేళ్ళ మధ్య రాయిలా గట్టిపడిన బొచ్చు ఉండలు ఉన్నాయి. ఇన్నాళ్ళూ అది గులకరాళ్ళ మీద నడిచినట్టే నడిచిందన్నమాట.

మెడ దగ్గరికి వచ్చేసరికి మిషను దేనికో తగిలి ఆగింది. అటెండరు వేళ్ళతో తడిమి, డాక్టరును పిలిచాడు. అది ఎర్ర రిబ్బను. కుక్క పెరిగింది, రిబ్బను పెరగలేదు. చర్మంలోకి దిగి, చుట్టూ చీము పట్టింది. దానికి ఇత్తడి గజ్జె ఇంకా ఉంది. బొచ్చు దాని చుట్టూ అల్లుకుని లోపలి గుండు కదలకుండా చేసింది. గజ్జె చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మిద్దె మీద నాకూ తెలియలేదు. చప్పుడు లేకపోతే హాయిగా ఉందనుకుని ఉంటాను.

డాక్టరు రిబ్బను కోసి తీసి, కడిగి, కట్టు కట్టాడు. అటెండరు చేతులు కడుక్కుని వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. మా నాయనైతే మందలో ఒక గొర్రె కుంటితే ఆ పూట అన్నం తినడు మేడమ్ అన్నాడు. ఆ గొర్రెను రేపు కోతకు అమ్మేవాడే అయినా సరే అన్నాడు.

సాయంత్రం దాన్ని ఇంటికి తెచ్చాను. గుండు కొట్టించిన ఒళ్ళు, సన్నటి కాళ్ళు, మెడకు తెల్ల కట్టు. ఒంటి బరువు తగ్గినందుకు కాబోలు, మత్తు దిగీదిగకముందే తూలుకుంటూ నాలుగడుగులు గెంతింది. ఓనరు, ఆయన భార్య వరండాలోకి వచ్చారు. మెడ మీద కట్టు ఎందుకని అడగలేదు ఎవరూ.

“ఇదేంది టీచరమ్మా, కుక్కకు గుండు కొట్టించినావా? వీధిలో నా మానం ఏమయ్యేది?”

ఏడాదికి రెండుసార్లు కొండెక్కి స్వామికి తలనీలాలిచ్చి, నున్నటి గుండుకు గంధం పూసుకుని మండీలో కూర్చునే మనిషి అన్న మాట అది. ఆయన గుండు భక్తి, దాని గుండు పరువు తక్కువ. రిబ్బను, గజ్జె కాగితంలో పొట్లం కట్టి తెచ్చాను, ఆయన భార్య చేతిలో పెట్టాను. ఆమె విప్పి చూసి, గజ్జె బాగానే ఉంది కడుక్కుంటే సరిపోతుంది అంది. నేను జీవితంలో చాలామందిని చూశాను. ఆ ఒక్క మాట దగ్గర నేను మనుషుల మీద పెట్టుకున్న మర్యాద కొంత శాశ్వతంగా ఖర్చయిపోయింది.

బొచ్చు పెరిగేదాకా నీ తావే పెట్టుకో అన్నాడు ఓనరు. అలా అది మిద్దె మీదికి వచ్చింది.

పుండ్లు మానడానికి నెలన్నర పట్టింది. కొత్త బొచ్చు రాగానే అటెండరు నాకు దువ్వడం నేర్పాడు. మద్రాసు పోయే ఒక టీచరుతో పొడుగు పళ్ళ ఇనుప దువ్వెన తెప్పించుకున్నాను. దాన్ని పక్కకు పడుకోబెట్టి, ఒక చేత్తో బొచ్చు పైకి ఎత్తి పట్టుకుని, కింద ఒక్క వరస వదిలి, ఆ వరసను చర్మం కనిపించేదాకా దువ్వి, తర్వాత దాని పై వరస. ఇలా పొట్ట నుంచి వెన్ను దాకా. చిక్కు తగిలితే లాగకూడదు. మొదలు దగ్గర వేళ్ళతో గట్టిగా పట్టుకుని, చిక్కును కొస నుంచి విడదీసుకుంటూ రావాలి. నీళ్ళు ఎప్పుడూ దువ్విన తర్వాతే, ఆరాక మళ్ళీ దువ్వాలి. రోజూ అరగంట. ఈ అరగంట కష్టం పడలేకే కదా ఆ మండీ ఆసామి ఒక ప్రాణిని కూడలిలో దించేయబోయాడు అనుకుంటూ దువ్వేదాన్ని. ఆ కోపం నాకు చాలా రోజులు ఊతంగా పనిచేసింది.

నేనేమీ తక్కువ తినలేదు. ఏప్రిల్లో పదో తరగతి పేపర్లు దిద్దడానికి పోయివచ్చిన పన్నెండు రోజులూ దువ్వెన ముట్టుకోలేదు. పదమూడో రోజు చెవి వెనక చెయ్యి పెడితే ఉసిరికాయంత ఉండ. పన్నెండు రోజులు చాలు. అది విడదీయడానికి రెండు సాయంత్రాలు పట్టింది, ఆ రెండు సాయంత్రాలూ అది కదలకుండా కూర్చుంది.

ఏడాది తిరిగేసరికి దానికి బొచ్చు మళ్ళీ వచ్చింది. ఈసారి వేళ్ళు పెడితే చర్మం దాకా పోయేవి. సాయంత్రం దాన్ని వీధిలో తిప్పుతుంటే జనం ఆగి చూసేవాళ్ళు. కింది వరండా ముందు నేను కొంచెం నెమ్మదిగా నడిచేదాన్ని.

అప్పుడు వచ్చాడు ఓనరు. మిద్దె మెట్లెక్కడం ఆరేళ్ళలో అదే మొదటిసారి. కుర్చీ వేశాను. బెంగుళూరు వ్యాపారి కుటుంబంతో సహా తిరుమల దర్శనానికి వస్తున్నాడని, రెండు రోజులు తమ ఇంట్లోనే దిగుతాడని, ఆదివారానికి కుక్క కింది ఇంట్లో ఉండాలని చెప్పాడు. పెంచినందుకు నీకు ఊరికే పోదులే అని కూడా అన్నాడు.

నేను లోపలికి పోయి ఇనుప దువ్వెన తెచ్చి ఆయన చేతికిచ్చాను.

“దువ్వన్నా. మొదలంటా దువ్వి సూపించు, తీసకపో.”

ఆయన నవ్వాడు. దువ్వెన వీపు మీద పెట్టి పైపైన రెండుసార్లు లాగాడు. చాలా అన్నట్టు నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన మళ్ళీ చెవి వైపు చెయ్యి జాపాడు. కుక్క లేచింది. మొరగలేదు, కొరకలేదు. ఆయన చేతి కింది నుంచి తప్పుకుని, తలుపు వెనక్కి పోయి గోడకు ఆనుకుని వణుకుతూ నిలబడింది. దాని కాళ్ళ కింద తడి అయింది.

ఆయన ముఖం ఎర్రబడింది. “నేను దుడ్డు పెట్టి కొన్న కుక్క నా చేతికి రాకుండా చేసేసినావు నువ్వు,” అన్నాడు.

“పూతలపట్టులో వదిలేసుంటే వచ్చుండునా?” అన్నాను.

దువ్వెన కుర్చీలో పెట్టి లేచాడు. మెట్లు దిగుతూ, నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. కుక్క మాట ఎత్తలేదు. దాన్ని గొలుసు వేసి ఈడ్చుకుపోతే ఆపగలిగేదాన్ని కాను, ఆ హక్కు ఆయనదే. కానీ వచ్చే అతిథి ముందు వణికే కుక్క, ఉచ్చపోసే కుక్క ఆయనకు పనికిరాదు. ఆయన వదిలేసింది దయతో కాదు. ఆ సంగతి నాకు స్పష్టంగా తెలుసు, అందుకే ఆయనకు ఏనాడూ కృతజ్ఞత చెప్పలేదు.

వడమాలపేటలోనే స్కూలుకు దగ్గరగా రెండు గదుల పెంకుటిల్లు దొరికింది. ఇంటి వెనక వేరుశనగ చేను. అటెండరే ఎద్దుల బండి మాట్లాడి సామాను చేర్చాడు. అక్కడికి వెళ్ళాక కూడా నేను రోజూ అరగంట దువ్వేదాన్ని. బొచ్చు నాలుగంగుళాలు ఉండేది. చేలో తిరిగి వస్తే కసువు ముళ్ళు, ఆకులు, మట్టి బెడ్డలు. అరగంట కాస్తా గంట అయింది. కుక్కకు విసుగు, నాకు నడుము నొప్పి. అయినా ఆ ఉంగరాలు కత్తిరించడానికి చెయ్యి రాలేదు.

ఒక సాయంత్రం అటెండరు అరుగు మీద కూర్చుని నేను దువ్వడం చూస్తున్నాడు.

“ఇంత బొచ్చు ఎవురికి సూపించేదానికి మేడమ్?” అన్నాడు.

చెప్పడానికి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, అది మంచిది కాదు. ఆ వరండా ముందు నెమ్మదిగా నడిచిన నడకే ఇంకా నడుస్తున్నాను నేను. ఇక్కడ చూడ్డానికి ఓనరు కూడా లేడు.

మర్నాడు ఆయన మిషను తెచ్చాడు. అరంగుళం ఉంచి మొత్తం తీసేశాం. ఈసారి మత్తు సూది అక్కర్లేకపోయింది. సగంలోనే అది నిద్రపోయింది. లేచి ఒళ్ళు దులుపుకుని, గట్టు దూకి చేలోకి పరుగెత్తింది, చీకటి పడేదాకా రాలేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది. రెండు నెలలకొకసారి కత్తిరించేవాళ్ళం. ఇంటికి వచ్చినవాళ్ళు ఇదేం కుక్క, నాటు కుక్కా అని అడిగితే, అవునని చెప్పేదాన్ని.